పాఠకుల ప్రశ్నలు: ఓడ గదిలో ప్లగ్ పాయింట్లు

విహార నౌకల్లో ప్రయాణానికి సిద్ధమవుతున్న పాఠకులు ఈ నెల రాసిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే విషయం మీద ఉన్నాయి. గదిలో ఉండే ఒకటి రెండు ప్లగ్ పాయింట్లతో ఇంటిల్లిపాది ఫోన్లూ కెమెరాలూ లాప్‌టాపులూ ఎలా ఛార్జ్ చేసుకోవాలన్నదే ఆ విషయం. ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసరుగా చాలాకాలం పనిచేసినవాణ్ణి కనుక, ఆ ప్లగ్ పాయింటుకు గోడ అవతల ఏముంటుందో కూడా కలిపి జవాబు చెప్పగలను. ఒకే అర్థం వచ్చే ఉత్తరాలను ఒకే ప్రశ్నగా కుదించాను.

ప్రశ్న: మేము నలుగురం ఒకే క్యాబిన్‌లో వారం రోజులు ప్రయాణించబోతున్నాము. గదిలో ఎన్ని ప్లగ్ పాయింట్లు ఉంటాయి? వాటిలో ఎలాంటి పిన్నులు పడతాయి? వోల్టేజీ తేడా వల్ల మా వస్తువులు పాడైపోతాయా?

జవాబు: ఎన్ని ఉంటాయన్నది ఓడ వయసును బట్టి ఉంటుంది. పాత ఓడల్లో రాతబల్ల దగ్గర, అద్దం పక్కన, అమెరికా తరహా పాయింటు ఒకటి, యూరప్ తరహా పాయింటు ఒకటి ఉంటే అదే ఎక్కువ. ఇటీవల కట్టిన ఓడల్లో వీటికి తోడు మంచం పక్కన యూఎస్‌బీ పాయింట్లు కూడా పెడుతున్నారు. అమెరికా తరహా పాయింటులో రెండు చదునైన పిన్నులు పడతాయి, సరఫరా 110 నుంచి 120 వోల్టుల మధ్య ఉంటుంది. యూరప్ తరహాలో గుండ్రటి గుంట లోపల రెండు గుండ్రటి పిన్నులకు చోటుంటుంది, సరఫరా 220 నుంచి 230 వోల్టులు. బ్రిటిష్ ప్రయాణికులను దృష్టిలో పెట్టుకుని నడిపే కొన్ని ఓడల్లో మూడు చదునైన పిన్నుల పాయింట్లు కూడా కనిపిస్తాయి.

చాలామంది తమ ప్లగ్‌కు సరిపోయే పాయింటును మాత్రమే లెక్కపెట్టుకుని, పక్కనే ఉన్న రెండోదాన్ని గోడకున్న అలంకారంలా వదిలేస్తారు. ఆ రెండో తరహాకు సరిపోయే చిన్న అడాప్టర్ ఒకటి పెట్టెలో వేసుకుంటే, గదిలోని పాయింట్లు రెట్టింపైనట్టే. టీవీ వెనకా, మంచం తల దగ్గరా కూడా ఒకసారి చూడండి. అక్కడ గదులు శుభ్రం చేసేవారి కోసమో టీవీ కోసమో పెట్టిన పాయింటు ఖాళీగా ఉండవచ్చు. అయితే అప్పటికే అందులో ఉన్న ప్లగ్‌ను మాత్రం పీకవద్దు.

వోల్టేజీ సంగతి మీ ఛార్జర్ మీదే రాసి ఉంటుంది. కంటిచూపు బాగున్నవారి చేత చదివించవలసినంత సన్నటి అక్షరాల్లో, ఇన్‌పుట్ అన్న మాట పక్కన 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ ఛార్జర్‌ను ఓడలోని ఏ పాయింటులో పెట్టినా ఇబ్బంది లేదు. ఫోన్, లాప్‌టాప్, కెమెరా ఛార్జర్లు ఈనాడు దాదాపు అన్నీ ఈ కోవలోవే. చిక్కంతా వేడిచేసే వస్తువులతోనూ మోటారు ఉన్నవాటితోనూ వస్తుంది. అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. 115 వోల్టులకు తయారైన జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని అడాప్టర్ సాయంతో 230 వోల్టుల పాయింటులో పెడితే దానిలోని తీగ నాలుగు రెట్ల శక్తిని లాగి, నిమిషాల్లో కాలిపోతుంది. అదే 230 వోల్టుల యంత్రాన్ని 115లో పెడితే నాలుగో వంతు వేడి మాత్రమే వస్తుంది, జుట్టు మాత్రం ఆరదు.

ఇక్కడే మరో చిన్న విచిత్రం చెబుతాను. విహార నౌకల్లో జనరేటర్లు సాధారణంగా 60 హెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 60 తరంగాల చొప్పున, నడుస్తాయి, అందువల్ల 230 వోల్టుల పాయింటులో కూడా వచ్చేది 60 హెర్ట్జే. ఒకాయన 50 హెర్ట్జ్‌కు తయారైన పాత ప్లగ్ గడియారాన్ని వెంట తెచ్చుకుని, ఓడవాళ్లు సమయం తప్పు చెబుతున్నారని రిసెప్షన్‌లో వాదించారు. సరఫరా తరంగాలను లెక్కపెట్టి నడిచే అలాంటి గడియారం గంటకు 12 నిమిషాలు ముందుకు పోతుంది, రోజు తిరిగేసరికి 4 గంటల 48 నిమిషాల తేడా వస్తుంది. ఫోన్ ఛార్జర్లకు ఈ తేడా పట్టదు.

ప్రశ్న: కిందటి ప్రయాణంలో ఓడ ఎక్కేముందు జరిపిన తనిఖీలో మా పెట్టెలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సును తీసి పక్కన పెట్టేశారు. అది మామూలు బాక్సు కాదు, ఉన్నట్టుండి వోల్టేజీ పెరిగితే వస్తువులను కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న మంచి రకం. ఇంట్లో ఏళ్ల తరబడి వాడుతున్నాము. రక్షణ కోసం చేసిన వస్తువు ఓడలో ప్రమాదకరం ఎలా అవుతుందో ఎవరూ చెప్పలేదు. ఇది కేవలం వారి మొండితనమా?

జవాబు: మొండితనం కాదు. కానీ కారణం చెప్పకుండా వస్తువును తీసుకోవడం వల్ల అలా అనిపించడంలో మీ తప్పు కూడా లేదు. అసలు కారణం ఓడ వైరింగులో ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్పవలసి ఉంటుంది.

నేల మీద ఇంటికి వచ్చే రెండు తీగల్లో ఒకటి ఫేజ్, రెండోది న్యూట్రల్. ఆ న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలిపేస్తారు, అందుకే దానికీ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ దాదాపు ఉండదు. సముద్రం మీద భూమి స్థానాన్ని ఓడ ఉక్కు శరీరం, అంటే హల్, తీసుకుంటుంది. చాలా ఓడల్లో సరఫరా తీగలు రెండింటిలో దేన్నీ ఆ హల్‌కు కలపరు. ఇది కావాలని చేసిన ఏర్పాటు. ఎక్కడో ఒకచోట తొడుగు ఒరిసిపోయి ఒక తీగ ఉక్కుకు తగిలినా సరఫరా ఆగదు, కంట్రోల్ రూములో అలారం మాత్రం మోగుతుంది, మేము ఒక్కో సర్క్యూటే చూసుకుంటూ పోయి ఆ తగిలిన చోటును పట్టుకుంటాము. తుపానులో చుక్కాని తిప్పే పంపుకు ఉన్నట్టుండి కరెంటు పోవడం కంటే ఇది ఎంతో మేలు.

ఇక మీ బాక్సు లోపలికి వద్దాం. అందులో నాణెమంత బిళ్లలు రెండు మూడు ఉంటాయి, వాటిని వారిస్టర్లు అంటారు. మామూలు వోల్టేజీ వద్ద అవి కరెంటును పోనివ్వవు, హద్దు దాటగానే దారి తెరిచి అదనపు పోటును ఎర్త్ వైపు మళ్లిస్తాయి. నేల మీద న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఉన్న బిళ్ల మీద ఎప్పుడూ ఒత్తిడి పడదు కాబట్టి అది హాయిగా నిద్రపోతుంది. ఓడలో రెండు తీగలూ కరెంటు ఉన్నవే. ఎన్నో గదుల అవతల ఒక తీగ ఉక్కుకు తగిలిందంటే, రెండో తీగకూ హల్‌కూ మధ్య పూర్తి వోల్టేజీ నిలుస్తుంది, తప్పు దొరికేదాకా గంటల తరబడి అలాగే ఉంటుంది. అప్పటికే కొంత అరిగిపోయిన బిళ్ల ఆ ఒత్తిడికి కొద్దికొద్దిగా కరెంటును కారుస్తూ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ మరింత కారుస్తుంది.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. ఇళ్ల కోసం చేసిన బాక్సుల్లో స్విచ్చు గానీ, చిన్న బ్రేకర్ గానీ ఒక్క తీగనే తెంపుతాయి. రెండో తీగలో కరెంటు ఉండదన్న నమ్మకంతో చేసిన అమరిక అది. ఓడలో ఆ నమ్మకం చెల్లదు. స్విచ్చు ఆపేసినా, బ్రేకర్ పడిపోయినా, రెండో తీగ నుంచి బిళ్ల గుండా హల్‌లోకి కరెంటు పారుతూనే ఉండవచ్చు. ఒకసారి భోజనం చేసి వచ్చేసరికి మాడు వాసన వస్తోందని ఒక గది నుంచి పిలుపు వస్తే నేనే వెళ్లాను. సోఫా వెనక పడి ఉన్న బాక్సును పట్టుకుంటే చేయి కాలింది. స్విచ్చు ఆపేసే ఉంది. విప్పి చూస్తే ఒక బిళ్ల నల్లబడి రెండుగా చీలి ఉంది, దాని మీది ప్లాస్టిక్ మూత మెత్తబడి లోపలికి కుంగిపోయింది, సోఫా గుడ్డ మీద బొట్టంత గోధుమరంగు మచ్చ పడింది. ఆ గదివారు భోజనానికి కాక ఊరు చూడటానికి దిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఓడల్లో సర్జ్ ప్రొటెక్టర్ల వాడకం వల్ల మంటలు పుట్టే ప్రమాదం ఉందని అమెరికా కోస్ట్ గార్డ్ 2013లో ప్రత్యేకంగా భద్రతా హెచ్చరికను జారీ చేసింది. అన్ని ఓడల వైరింగూ ఒకే తీరులో ఉండదన్నది నిజమే, కొన్నింటిలో గదుల సరఫరా నేల మీది పద్ధతికి దగ్గరగానే ఉంటుంది. కానీ తాను ఎక్కిన ఓడ ఏ రకమో ప్రయాణికుడికి తెలిసే దారి లేదు, తనిఖీ బల్ల దగ్గర నిలబడి బాక్సులు విప్పి చూసే తీరిక సిబ్బందికీ లేదు. పైగా నడిసముద్రంలో నిప్పు అంటుకుంటే ఆర్పడానికి బయటి నుంచి ఎవరూ రారు.

అసలు సర్జ్ ప్రొటెక్టర్ అవసరం కూడా ఓడలో తక్కువే. కరెంటును ఓడ తన జనరేటర్లతో తానే తయారు చేసుకుంటుంది, సాధారణంగా 6,600 లేదా 11,000 వోల్టుల వద్ద పుట్టించి ట్రాన్స్‌ఫార్మర్లతో గదుల స్థాయికి దింపుతుంది. పిడుగుపాటుకు గురయ్యే పొడవాటి స్తంభాల లైన్లు మధ్యలో లేవు. రేవులో ఓడను పక్కకు నెట్టే పెద్ద మోటార్లు మొదలైనప్పుడు దీపాలు ఒక్క క్షణం మినుకుమంటే మినుకుమనవచ్చు, 100 వోల్టుల నుంచి 240 దాకా తట్టుకునే మీ ఛార్జర్ దాన్ని గమనించను కూడా గమనించదు.

సర్జ్ ప్రొటెక్టర్ లేని సాదా ఎక్స్‌టెన్షన్ సంగతికి వస్తే, ఒక్కో సంస్థది ఒక్కో నిబంధన. కొన్ని అనుమతిస్తాయి, కొన్ని ఏ రకాన్నీ రానివ్వవు. రాయల్ కరీబియన్ సంస్థ ఎక్స్‌టెన్షన్లతో పాటు, గోడలో గుచ్చి ఒక పాయింటును నాలుగు చేసే ప్లగ్‌లను కూడా 2024లో నిషిద్ధ వస్తువుల జాబితాలో చేర్చింది. టికెట్‌తో పాటు వచ్చే ఆ జాబితాను ప్రయాణానికి వారం ముందు మరోసారి చదవండి, ఎందుకంటే అది మారుతూ ఉంటుంది. మీ దగ్గరున్న బాక్సు ఏ రకమో తెలియకపోతే దాని అడుగుభాగం చూడండి. జూళ్లలో ఒక అంకె రాసి ఉన్నా, రక్షణ ఉందని చెప్పే చిన్న దీపం ఉన్నా అది సర్జ్ ప్రొటెక్టరే, ఇంట్లోనే ఉంచండి.

ప్రశ్న: ఎక్స్‌టెన్షన్ లేకుండా నాలుగు ఫోన్లు, ఒక టాబ్లెట్, ఒక కెమెరా ఛార్జ్ చేయడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే, ఇంకా చెప్పాలంటే సులువే. పాయింట్ల సంఖ్యను పెంచాలని చూడటం మానేసి, ఒకే పాయింటు నుంచి అనేక యూఎస్‌బీ దారులు తీసే ఛార్జర్‌ను కొనండి. నాలుగైదు దారులున్న, మొత్తం 65 నుంచి 100 వాట్ల సామర్థ్యం గల ఛార్జర్ మీ ఆరు వస్తువులకూ సరిపోతుంది. గాలియం నైట్రైడ్‌తో తయారైనవి అదే శక్తికి పాతవాటికన్నా చిన్నగా ఉంటాయి. ఛార్జర్‌ను ఎంచుకునేటప్పుడు సర్జ్ రక్షణ లేదని, మామూలు ప్లగ్ పెట్టే రంధ్రాలు లేవని సరిచూసుకోండి. యూఎస్‌బీ మాత్రమే ఉన్నవాటికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు.

పిన్నులు నేరుగా ఒంటికే అంటి ఉన్న బరువైన ఛార్జర్‌కన్నా, మూరెడు తీగతో బల్ల మీద కూర్చునే రకం ఓడకు నప్పుతుంది. వేలమంది వాడిన పాయింటులో పట్టు సడలి ఉంటుంది, ఇంజన్ల అదురు రాత్రంతా ఉంటుంది. బరువైన ఛార్జర్ తెల్లవారేసరికి ఓ పిన్ను బయటికి వచ్చి వేలాడుతూ ఉండటం నేను చాలాసార్లు చూశాను. సగం తగిలి సగం తగలని పిన్ను దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి.

మంచం పక్కన గోడలో ఉండే యూఎస్‌బీ పాయింటు మీద మరీ ఆశ పెట్టుకోకండి. పాత రకం అయితే అది ఇచ్చేది 5 వాట్లే. ఈనాటి ఫోన్ బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్ల శక్తి పడుతుంది కనుక, ఖాళీ ఫోన్ నిండటానికి మధ్యలో వృథాతో కలిపి ఐదు గంటలు పడుతుంది. రాత్రి పెట్టి ఉదయం తీసుకునేవారికి అది చాలు. ఊరు చూసి వచ్చి, స్నానం చేసి, మళ్లీ డెక్ మీదికి వెళ్లేలోగా ఫోన్ నిండాలంటే 20 వాట్ల దారి కావాలి.

ప్రశ్న: గదిలోంచి కార్డు తీసి బయటికి వెళ్లగానే ఛార్జింగ్ ఆగిపోతోంది. దీనికి ఉపాయం ఉందా?

జవాబు: తలుపు పక్కన ఉన్న అరలో గది కార్డు పెడితేనే కరెంటు వచ్చే ఏర్పాటు చాలా ఓడల్లో ఉంది. ఖాళీ గదుల్లో దీపాలూ చల్లదనమూ వృథా కాకుండా చేసిన ఏర్పాటది. అందులో ఏదో ఒక గట్టి కార్డు పెట్టి వెళ్లే ఉపాయం అందరికీ తెలిసిందే, కొత్త ఓడల్లో అర కార్డులోని చిప్‌ను చదువుతుంది కాబట్టి అది పారదు. నన్నడిగితే ఆ ఉపాయం పారిన చోట కూడా వద్దంటాను. బ్యాటరీ వేడెక్కినా, ఉబ్బినా మొదట గమనించేది గదిలో ఉన్న మనిషే. భోజనానికి వెళ్లేముందు, పడుకునేముందు ఛార్జ్ చేసుకోవడం అలవాటు చేసుకుంటే చాలు.

ప్రశ్న: స్నానాల గదిలో కూడా ఒక పాయింటు కనిపించింది. అందులో ఫోన్ పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. గడ్డం గీసుకునే యంత్రాల కోసం మాత్రమే అని దాని మీద రాసి ఉంటుంది. తడి చేతులతో తాకినా షాక్ కొట్టకుండా దాని వెనక వేరుగా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అది భరించేది 20 నుంచి 50 వాట్ల లోపే. షేవర్, విద్యుత్ టూత్‌బ్రష్ దానికి తగినవి. వేగంగా ఛార్జయ్యే ఫోన్‌ను పెడితే ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది, మర్నాడు మీ పక్కవారి షేవర్‌కు కాకపోయినా మీ షేవర్‌కైనా కరెంటు ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారు నిద్రలో శ్వాస ఆగే ఇబ్బందికి సీప్యాప్ యంత్రం వాడతారు. మంచం దగ్గర పాయింటు లేకపోతే ఏం చేయాలి?

జవాబు: ఈ ఒక్క విషయంలో ఆలస్యం చేయవద్దు. టికెట్ తీసుకున్న వెంటనే ఓడ సంస్థలోని ప్రత్యేక అవసరాల విభాగానికి రాయండి. ఎక్స్‌టెన్షన్లను నిషేధించిన ఓడల్లో కూడా వైద్య పరికరాల కోసం తమవైన, ఓడ వైరింగుకు తగిన ఎక్స్‌టెన్షన్ తీగను సిబ్బందే గదిలో అమర్చిపెడతారు. యంత్రంలో పోసే డిస్టిల్డ్ నీరు కూడా అడిగితే సమకూర్చే సంస్థలు ఉన్నాయి. మీ ఉత్తరంలో యంత్రం ఎన్ని వాట్లు లాగుతుందో, మంచానికి ఏ వైపు పడుకుంటారో కూడా రాయండి. తేమను వేడిచేసే భాగాన్ని ఆపేస్తే యంత్రం లాగే కరెంటు బాగా తగ్గుతుంది, బ్యాటరీ మీద నడపవలసి వస్తే అది పనికివస్తుంది. ఓడ ఎక్కిన మొదటి సాయంత్రమే యంత్రాన్ని పెట్టి నడిపి చూడండి. అర్ధరాత్రి అవసరమైతే మనిషి వస్తాడు గానీ, సాయంత్రం వచ్చినంత త్వరగా రాడు.

ప్రశ్న: పవర్ బ్యాంకు తీసుకెళ్లవచ్చా? సముద్రం మీద ఫోన్ ఛార్జింగ్ ఇంత త్వరగా ఎందుకు అయిపోతుంది?

జవాబు: తీసుకెళ్లవచ్చు. ఓడ దాకా విమానంలో వెళ్లేవారు 100 వాట్ అవర్ల హద్దును గుర్తుంచుకోవాలి. అది దాటి 160 దాకా ఉంటే విమాన సంస్థ అనుమతి కావాలి, ఎంతదైనా చేతిసంచిలోనే ఉండాలి. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు అంటే సుమారు 74 వాట్ అవర్లు, అది హద్దు లోపలే ఉంటుంది, ఫోన్‌ను సుమారు మూడుసార్లు నింపుతుంది. దాన్ని ఛార్జ్ చేసేటప్పుడు దిండు కింద, దుప్పటి మడతల్లో పెట్టకుండా గట్టి బల్ల మీద ఉంచండి.

ఫోన్ త్వరగా ఖాళీ అవడానికి కారణం అది సిగ్నల్ కోసం వెతుక్కోవడమే. తీరం దాటాక టవర్లు అందవు, అందకపోయిన కొద్దీ ఫోన్ మరింత శక్తి పెట్టి వెతుకుతూ ఉంటుంది, చుట్టూ ఉక్కు గోడలున్న లోపలి గదుల్లో ఆ వెతుకులాట మరీ ఎక్కువ. ఓడ బయలుదేరగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, కావాలంటే వైఫై ఒక్కటే తెరిచి ఉంచండి. బ్యాటరీ నిలవడమే కాదు, ఓడలోని ఉపగ్రహ మొబైల్ నెట్‌వర్క్‌కు ఫోన్ తెలియకుండా తగులుకుని భారీ బిల్లు రావడం కూడా తప్పుతుంది.

ప్రశ్న: పోయినసారి ఛార్జర్‌ను ఓడలోనే మరచిపోయి దిగాము. ఇలా అందరికీ జరుగుతుందా?

జవాబు: జరుగుతుంది. దిగే ముందు రాత్రే పెద్ద పెట్టెలను నడవాలో పెట్టమంటారు, అప్పటికి ఛార్జర్ గోడకే ఉంటుంది, ఉదయం తొందరలో దాని మీదికి చూపు పోదు. తెల్లని ఛార్జర్ తెల్లని గోడకు ఉంటే మరీ కనిపించదు, నేను నా దానికి ఎర్ర టేపు చుట్టేవాణ్ణి. మొదటి రోజే దాన్ని పెద్ద పెట్టెలో కాకుండా చేతిసంచిలో ఉండవలసిన వస్తువుల్లో లెక్కవేసుకుని, చివరి ఉదయం గది కార్డును తలుపు పక్క అరలోంచి తీసేముందు రాతబల్ల వెనకా, మంచం పక్కనా, స్నానాల గదిలో షేవర్ పాయింటు దగ్గరా ఒక్కసారి చేత్తో తడిమి చూడండి.